సాయంత్రం 4 అయితే పేషెంట్ గ్రిల్ దగ్గరకొచ్చి నిలబడుతుంది. ఇంజెక్షన్ దాకా పోకుండా ఏం చేయొచ్చు?

కొత్తడ్యూటీ | సోమవారం, రాత్రి 10:50

అందరికీ నమస్కారం. జీఎన్ఎమ్ (నర్సింగ్ డిప్లొమా) చేసి 3 ఏళ్లు జనరల్ వార్డులో ఉన్నాను. 5 నెలల కిందట సైకియాట్రీ ఫిమేల్ వార్డుకు వేశారు. తెలంగాణలోనే, ఆస్పత్రి పేరు మాత్రం రాయను. 32 మంచాలు. మధ్యాహ్నం షిఫ్టులో ఇద్దరం స్టాఫ్, ఒక ఆయా.

ఒక పెద్దమ్మ వచ్చి 12 రోజులైంది. వచ్చిన కొత్తలో నిద్ర లేదు, తిండి లేదు, గోడల్లోంచి ఎవరో తిడుతున్నారని ఏడ్చేది. ఇప్పుడు ఆ మాటలు తగ్గాయి. కానీ సాయంత్రం 4 అయ్యేసరికి లేస్తుంది. కుచ్చిళ్లు సర్దుకుని, కొంగు నడుముకు దోపుకుని, గ్రిల్ దగ్గరకొచ్చి నిలబడుతుంది. "తలుపు తియ్యి బిడ్డా, నేను పోవాలె" అంటుంది. రేపు పంపిస్తాం పెద్దమ్మా అంటాం. అరగంటకు గ్రిల్ పట్టుకుని ఊపుతుంది. 5 దాటితే అరుపులు. ఆమెను చూసి ఇంకో ఇద్దరు ముగ్గురు లేస్తారు. 6 లోపల సెరినేస్ (భ్రమలకు, ఉద్రేకానికి ఇచ్చే మందు), ఫెనర్గాన్ (మత్తునిచ్చే మందు) ఇంజెక్షన్ పడుతుంది. పోయిన వారంలో 4 రోజులు ఇదే జరిగింది.

మొన్న చేతులు పట్టుకున్నది నేనే. సూది తీశాక నా మొహంలోకి చూసి "నేనేం చేసిన బిడ్డా?" అని అడిగింది. ఇంటికొచ్చినా ఆ మాట వదలడం లేదు.

ఆర్డర్ ఉంది కాబట్టి ఇంజెక్షన్ తప్పని అనను. కానీ రోజూ ఒకే టైముకు ఒకే గొడవ వస్తోందంటే, అంతకు ముందే మేం చేయాల్సింది ఏదో ఉండాలి కదా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

---

మేల్‌వార్డ్ రాజు | సోమవారం, రాత్రి 11:25

9 ఏళ్లుగా మేల్ వార్డులో ఉన్నాను చెల్లీ. ముందు నీ జాగ్రత్త చెప్తా. గ్రిల్‌కీ ఆమెకీ మధ్యలో ఎప్పుడూ ఇరుక్కోకు. వెనక్కి వెళ్లే దారి నీకు ఉండాలి. మెడలో ఐడీ కార్డు తాడు తీసేయి. రెండు చేతుల దూరం వదిలి, ఎదురుగా కాకుండా కాస్త పక్కకు నిలబడు. మాట్లాడేది ఒక్కళ్లే ఉండాలి. ఇద్దరు ముగ్గురు చుట్టూ చేరి తలా ఒక మాట అంటే పేషెంట్‌కి ఇంకా భయం.

రెండోది, 6 దాకా ఎందుకు ఆగుతున్నారు? మాట వినే స్థితిలో ఉండగానే డాక్టర్‌తో మాట్లాడి నోటి ద్వారా మందు ఇవ్వొచ్చు. పట్టుకుని పొడిచే దాకా రానివ్వడం ఆమెకూ నరకం, మీకూ నరకం. పోయిన ఏడాది ఒక కేసులో నా భుజం జారింది. అప్పటి నుంచి ఆలస్యం చేయకూడదనే నా అభిప్రాయం. ఇద్దరు స్టాఫ్‌తో 32 మందిని చూస్తూ ఒక్కళ్ల దగ్గర కూర్చుని గంట సేపు మాట్లాడటం కుదరదు.

---

వాల్తేరు సిస్టర్ | మంగళవారం, ఉదయం 6:10

అమ్మాయీ, నేను రిటైరై 6 ఏళ్లయింది. 31 ఏళ్లు ఈ వార్డుల్లోనే గడిపాను. నీ పోస్టు రెండుసార్లు చదివాను. సలహా తర్వాత, ముందు నాకు కొన్ని సంగతులు తెలియాలి.

ఇంటి దగ్గర ఆవిడ సాయంత్రం 4 గంటలకి ఏం చేసేది? ఎవర్నైనా అడిగారా?

కూర్చున్నప్పుడు కాళ్లు కుదురుగా ఉంటున్నాయా? ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదికి బరువు మారుస్తూ ఉంటుందా? సెరినేస్ ఎప్పుడు మొదలుపెట్టారు, ఈ తిరగడం ఎప్పుడు మొదలైంది? రెండు తేదీలూ ఫైలులో పక్కపక్కన పెట్టి చూడు.

విరేచనం అయి ఎన్నాళ్లయింది? మూత్రం సరిగ్గా వస్తోందా? షుగర్ చూశారా? ఇది ఎందుకు అడుగుతున్నానంటే, ఒకప్పుడు మా వార్డులో ఒక పెద్దాయన రెండు రోజులు పిచ్చెక్కినట్టు తిరిగాడు, ఎవర్నీ దగ్గరకు రానివ్వలేదు. మందు డోసు పెంచారు. రాత్రి డ్యూటీలో దుప్పటి సర్దుతుంటే పొత్తికడుపు బిందెలా చేతికి తగిలింది. మందుల వల్ల మూత్రం బంద్ అయిపోయింది. ట్యూబు వేస్తే లీటరు పైనే వచ్చింది. తెల్లారేసరికి పసిపిల్లాడిలా నిద్రపోయాడు. నొప్పి అని చెప్పుకోలేని మనిషి దాన్ని కోపంగా చూపిస్తాడు. ఫెనర్గాన్, పేసిటేన్ (సెరినేస్ వల్ల వచ్చే వణుకుకి, బిగుసుకుపోవడానికి ఇచ్చేది) లాంటివి పెద్దవాళ్లకి వాడుతున్నప్పుడు పొట్ట మీద చెయ్యి వేసి చూడటం మర్చిపోకండి.

ఇంకొకటి. "రేపు పంపిస్తాం" అనడం ఈ రోజు నుంచి మానేయండి. 12 రోజుల్లో ఆవిడ 12 సార్లు ఆ రేపుని నమ్మింది.

---

ఇందూరు నర్సు | మంగళవారం, ఉదయం 8:40

వాల్తేరు అమ్మ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మా దిక్కు ఇంకో ప్రశ్న కూడా అడగాలె, కల్లు తాగే అలవాటు ఉన్నదా అని. ఆడోళ్లను ఎవ్వరూ అడగరు, ఇంటోళ్లు చెప్పరు.

2015ల కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు నేను కొత్తగా డ్యూటీల చేరిన. అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన కల్లుకు ఏండ్ల తరబడి అలవాటైన మనుషులకు అది ఒక్కసారి బంద్ అయింది. వణుకుడు, ఫిట్లు, పొంతన లేని మాటలు, మంచం మీద నుంచి దుంకుడు. ఊర్లకు ఊర్లు దవాఖానకు వచ్చినయ్. "పిచ్చి లేసింది" అని తాళ్లతోటి కట్టి తెచ్చినోళ్లు ఉన్నరు. అది పిచ్చి కాదు, మందు అందక ఒళ్లు తిరగబడుడు. మల్ల 2020 లాక్‌డౌన్ల మద్యం దుకాణాలు మూసినప్పుడు ఎర్రగడ్డకు జనం అట్లనే వచ్చిన్రు.

మీ పెద్దమ్మకు 12 దినాలు దాటినయ్ కాబట్టి అది కాకపోవచ్చు. అయినా అడుగుండ్రి. కొత్తగా వచ్చే ఎవరికైనా మొదటి 4 దినాల్ల వణుకు, చెమట, పల్స్ చూడకుండ "అజిటేషన్" (ఉద్రేకం) అని రాయకుండ్రి.

---

మళ్లీ తెల్లారింది | మంగళవారం, మధ్యాహ్నం 1:15

నేను నర్సును కాదు. 4 ఏళ్ల కిందట ఇలాంటి వార్డులో 19 రోజులు ఉన్న మనిషిని. ఏ ఊరో వద్దు. మంచం మీంచి చూస్తే ఎలా ఉంటుందో చెప్తాను.

లోపలికి రాగానే ఫోను, గొలుసు, హెయిర్ క్లిప్పులు తీసుకున్నారు. అది భద్రత కోసమని ఇప్పుడు అర్థమవుతుంది. కళ్లద్దాలు కూడా తీసుకున్నారు. నాకు మైనస్ 5. రెండు రోజులు ఎవరి మొహమూ కనపడలేదు. తెల్లటి ఆకారాలు దగ్గరకొచ్చేవి, చెయ్యి పట్టుకునేవి. అసలే ఎవరో నా వెంట పడుతున్నారని భయపడుతున్న మనిషిని నేను. నా భయం రెట్టింపైంది. నేను అరిస్తే "ఎగ్రెసివ్" అని రాశారట. మూడో రోజు ఒక సిస్టర్ "మీకు చూపు ఆనుతోందా?" అని అడిగి అద్దాలు తెచ్చి, తన కొంగుతో తుడిచి పెట్టింది. ఆ రోజు నుంచి నాకు ఇంజెక్షన్ పడలేదు.

ఎన్ని రోజులు ఉండాలి, ఈ మాత్ర దేనికి, మా అమ్మకి తెలుసా తెలియదా, ఇవేవీ ఎవరూ చెప్పేవారు కాదు. "ఇప్పుడే వస్తా" అని వెళ్లిన మనిషి రాకపోతే, లోపల ఉన్నవాళ్లకి ఆ పది నిమిషాలు పూటలా ఉంటాయి. రాలేకపోతే రాలేనని చెప్పండి, తట్టుకుంటాం.

---

మేల్‌వార్డ్ రాజు | మంగళవారం, మధ్యాహ్నం 2:30

మీరు రాసింది చదివి కాసేపు అలాగే కూర్చున్నానండీ. అద్దాల విషయం నేనెప్పుడూ ఆలోచించలేదు. ఈ రోజు డ్యూటీకి వెళ్లగానే స్టోరు డబ్బా తీసి ఎవరెవరివి ఉన్నాయో చూస్తాను.

మా వార్డులో గొడవలకు అన్నిటికంటే పెద్ద కారణం బీడీ. రోజుకు రెండు కట్టలు కాల్చిన మనిషికి ఒక్కసారి ఆపేస్తే చిరాకు రాకుండా ఎలా ఉంటుంది? డాక్టర్‌కి చెప్పి నికోటిన్ గమ్ రాయించుకోవాలి. క్లోజపిన్, ఓలాంజపిన్ అనే మానసిక జబ్బు మందులు వాడేవాళ్లు పొగ మానేస్తే రక్తంలో ఆ మందు పెరుగుతుంది, అదే డోసుకు మత్తు ఎక్కువవుతుంది. అది కూడా కనిపెట్టుకుని ఉండాలి.

---

ఎమ్మెస్సీ మేడమ్ | మంగళవారం, సాయంత్రం 7:05

నేను సైకియాట్రిక్ నర్సింగ్ చెప్తాను. పిల్లలకు నర్సింగ్ సిద్ధాంతకర్త పెప్లావ్ చెప్పిన ఆందోళన 4 మెట్లు పాఠంగా చెప్తాం: తేలిక, మధ్యస్థం, తీవ్రం, పానిక్. పరీక్ష రాసి మర్చిపోతారు. కొత్తడ్యూటీ రాసిన సాయంత్రాన్ని ఆ మెట్ల మీద పెట్టి చూడండి. 4 గంటలకు పెద్దమ్మ మధ్యస్థంలో ఉంది. తనకేం కావాలో మాటల్లో చెప్తోంది, మీ మాట వినగలదు. అరగంట తర్వాత తీవ్రం. అప్పుడు పొడుగు మాటలు చెవికెక్కవు. "నేను ఇక్కడే ఉన్నా. కూర్చుందాం రండి." అంతే, రెండు మూడు మాటలు. 6 గంటలకు పానిక్. అప్పుడు నచ్చజెప్పడం, కారణాలు అడగడం వృథా. చుట్టూ జనాన్ని, చప్పుడును తగ్గించి దగ్గర ఉండటమే. మాట్లాడే పని పెట్టుకోవాల్సింది మూడున్నరకు. ఆమె లేవకముందే మీరు ఆమె మంచం దగ్గరకు వెళ్లండి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 97వ సెక్షన్ ప్రకారం, పేషెంట్‌కో పక్కవాళ్లకో తక్షణం హాని జరగబోతుంటే, దాన్ని ఆపడానికి వేరే దారి లేనప్పుడే కట్టడి (బలవంతంగా పట్టుకోవడం, కట్టేయడం) చేయాలి. సైకియాట్రిస్టు అనుమతి ఉండాలి, ఎందుకు, ఎంతసేపు అన్నది కేస్ షీట్‌లో రాయాలి, 24 గంటల్లో నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌కి (పేషెంట్ తరఫున నిలబడే మనిషికి) చెప్పాలి. శిక్షగా వాడకూడదు. స్టాఫ్ తక్కువ ఉన్నారని వాడకూడదు. గొలుసులతో కట్టడం పూర్తిగా నిషేధం. 2001లో తమిళనాడులోని ఏర్వాడిలో మంటలు అంటుకుంటే గొలుసులతో ఉన్న 28 మంది కదల్లేక కాలిపోయారు. 26వ సెక్షన్ కింద ఇంటివాళ్లతో మాట్లాడుకునే హక్కు పేషెంట్‌కి ఉంది. పెద్దమ్మ చేత ఇంటికి ఎప్పుడైనా ఫోన్ చేయించారా?

---

మేల్‌వార్డ్ రాజు | మంగళవారం, రాత్రి 9:40

మేడమ్, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నా. స్టాఫ్ తక్కువని కట్టడి చేయకూడదని చట్టంలో ఉంది, మంచిదే. మరి మూడున్నరకు ఆమె మంచం దగ్గర కూర్చునే ఆ రెండో మనిషి ఎక్కడి నుంచి వస్తాడు? సరిగ్గా అదే టైములో హ్యాండోవర్ (తర్వాతి షిఫ్టుకు అప్పజెప్పే) రాతపని, ఇండెంట్ (స్టోరు నుంచి సామాను అడిగే చీటీ), కొత్త అడ్మిషన్. వార్డులో చేసే మాకు మనసు లేక కాదు.

---

వాల్తేరు సిస్టర్ | బుధవారం, ఉదయం 5:50

నాయనా రాజూ, నువ్వన్నది అబద్ధం కాదు. కానీ లెక్క ఇలా వేసి చూడు. 6 గంటలకి ఇంజెక్షన్ అంటే ఇద్దరు స్టాఫ్, ఆయా, పక్క వార్డు నుంచి ఒకళ్లు, తర్వాత బీపీ చూడటం, రాతపని, లేచిన మిగతా పేషెంట్లని సర్దడం. ముక్కాలు గంట, నలుగురు మనుషులు. మూడున్నరకి ఒక్క మనిషి 8 నిమిషాలు కూర్చుంటే చాలు. మా రోజుల్లోనూ ఇద్దరమే. కూర్చోడానికి తీరిక ఉండి కూర్చోలేదు, కూర్చోకపోతే ఆ షిఫ్టు నడవదు కాబట్టి కూర్చున్నాం.

---

బర్మింగ్‌హామ్ నైట్స్ | బుధవారం, మధ్యాహ్నం 3:20

నెల్లూరు నుంచి వచ్చి ఇంగ్లండ్‌లో 7 ఏళ్లుగా మెంటల్ హెల్త్ వార్డులో చేస్తున్నాను. ఇక్కడా స్టాఫ్ కొరతే, మనుషుల్లో కోపతాపాలూ అవే. ఇక్కడ లెన్ బోవర్స్ బృందం తెచ్చిన సేఫ్‌వార్డ్స్ అనే పద్ధతి చాలా వార్డుల్లో వాడతారు. అందులో 10 పనులు ఉంటాయి, అన్నీ చిన్నవే. నాకు బాగా ఉపయోగపడేది చెడ్డ కబురు గురించి. పేషెంట్‌కి నిరాశ కలిగించే కబురు, అంటే బయటకు వెళ్లే లీవ్ రద్దయిందనో, చూడ్డానికి వస్తామన్నవాళ్లు రావడం లేదనో తెలిస్తే, అది ఎవరు, ఎక్కడ, ఎలా చెప్పాలో ముందే అనుకుంటాం. చెప్పాక కాసేపు పక్కనే ఉంటాం. ఇంకోటి, వార్డు నుంచి వెళ్లేవాళ్లు కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఒక మాట రాసి గోడ మీద అంటిస్తారు. డాక్టర్ వంద చెప్పినా రాని ధైర్యం ఆ కాగితాలకు వస్తుంది.

పట్టుకోక తప్పని రోజు వస్తే దయచేసి బోర్లా పడుకోబెట్టకండి, వీపు మీద బరువు వేయకండి. 2010లో ఒలసేని లూయిస్ అనే 23 ఏళ్ల అబ్బాయి లండన్ ఆస్పత్రిలో పోలీసులు అలా అదిమిపట్టాక చనిపోయాడు. అతని తల్లిదండ్రులు ఏళ్ల తరబడి పోరాడితే 2018లో బలప్రయోగం మీద ఇక్కడ చట్టం వచ్చింది. పట్టుకున్న తర్వాత, పేషెంట్ తేరుకున్నాక కూర్చుని "అప్పుడు మీకేమనిపించింది?" అని తప్పకుండా అడుగుతాం. కొత్తడ్యూటీ, ఆ పెద్దమ్మ మిమ్మల్ని అడిగిన ప్రశ్నకి ఎవరైనా జవాబు చెప్పారా?

---

కొత్తడ్యూటీ | గురువారం, రాత్రి 11:10

చెప్పలేదు అక్కా. ఎవరం చెప్పలేదు. నిన్న నేను చెప్పాను. "మీరేం తప్పు చేయలేదు పెద్దమ్మా, గ్రిల్ ఊపితే మీకు దెబ్బ తగులుతుందని భయపడి పట్టుకున్నాం" అన్నాను. "గంతేనా" అంది.

నిన్నా ఈ రోజూ మూడున్నరకు స్టూలు వేసుకుని పక్కన కూర్చున్నాను. చూసింది చూసినట్టు రాస్తాను.

చేతులు ఊరికే ఉండవు. దుప్పటి అంచు తీసుకుని బొటనవేలితో, చూపుడు వేలితో లోపలికి మడుస్తుంది, చుడుతుంది, కొస ఒత్తుతుంది, వదిలేస్తుంది. మళ్లీ ఇంకో చోట. నేను ఇన్నాళ్లూ అది జబ్బు లక్షణమనుకున్నా. మా ఆయా చూసి, "సిస్టర్, ఈమె బీడీలు చేసే మనిషి" అంది. అవునా పెద్దమ్మా అంటే మొదటిసారి నవ్వింది. పొద్దున ఆకు కత్తిరించి, మధ్యాహ్నం దాకా చుట్టి, సాయంత్రం కార్ఖానాకు పోయి అప్పజెప్పాలట. "ఇన్ని దినాలు ఇయ్యకపోతే టేకేదారు (బీడీలు తీసుకునే కాంట్రాక్టరు) పేరు తీసేస్తడు బిడ్డా. పీఎఫ్ పోతది. నా బిడ్డ పెండ్లికి గవే ఉన్నయ్" అంది. ఇన్నాళ్లూ గ్రిల్ దగ్గర మాకు చెప్పాలనుకున్నది ఇదే.

రెండోది కాళ్లు. వాల్తేరు అమ్మ అడిగినట్టే ఉంది. కూర్చుంటే మడమలు నేలకేసి కొడుతూనే ఉంటుంది. నిలబడితే ఆ కాలు, ఈ కాలు. "లోపల్నుంచి గుంజుతున్నట్టు ఉంటది, కూసోనియ్యది" అంది. ఫైలులో చూశా. వచ్చిన నాలుగో రోజు సెరినేస్ పెంచారు. రెండు రోజుల తర్వాత నైట్ సిస్టర్ "తిరుగుతోంది" అని రాసింది. అంతకు ముందు పేజీల్లో ఆ మాటే లేదు.

---

వాల్తేరు సిస్టర్ | శుక్రవారం, ఉదయం 5:45

అకతీసియా అయ్యుంటుంది తల్లీ. మందు వల్ల కుదురు పోవడం. దాన్ని అజిటేషన్ అనుకుని మళ్లీ అదే సెరినేస్ ఇస్తే నిప్పు మీద నూనె పోసినట్టే. సాయంత్రం ఇంజెక్షన్ మత్తుకి పడుకుంటుంది, మర్నాటికి కాళ్లు ఇంకా గుంజుతాయి.

ఈ రోజు రౌండ్స్‌లో డాక్టర్‌కి "పేషెంట్ ఇరిటబుల్‌గా ఉంది" అని చెప్పకు. తేదీలు చెప్పు, "లోపల్నుంచి గుంజుతున్నట్టు" అన్న ఆవిడ మాట ఆవిడ మాటగానే చెప్పు, మడమల సంగతి చెప్పు. డోసు తగ్గించడమో, మందు మార్చడమో, ప్రొప్రనొలాల్ (గుండె వేగం తగ్గించే మందు) కలపడమో ఆయన చూస్తారు. ప్రొప్రనొలాల్ అంటే మాత్రం ఆస్తమా ఉందా అని నువ్వు గుర్తుచేయి, ప్రతి డోసుకీ ముందు పల్స్, బీపీ చూడు.

---

పెద్దకొడుకు | శుక్రవారం, ఉదయం 9:30

మా తమ్ముడికి 11 ఏళ్లుగా వైద్యం జరుగుతోంది. ఇంటివాళ్ల తరఫున ఒక్క మాట. మమ్మల్ని అడిగేది ఎప్పుడూ "ఎప్పటి నుంచి జబ్బు, ఎవరికైనా ఉందా, మందులు వేసుకున్నాడా" అనే. ఆ మనిషి రోజు ఎలా గడిచేది, ఏం పని చేసేవాడు, దేనికి భయపడతాడు, ఏం పెడితే తింటాడు, ఇవి అడిగితే పేజీలు చెప్తాం. పోలీసు హారన్ వింటే మా వాడు మంచం కింద దూరతాడు. ఆ సంగతి మూడు ఆస్పత్రుల్లో ఏ ఫైలులోనూ లేదు.

ఇంటి దగ్గర చూసుకునేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, రాత్రిపూట ఎవరూ దొరకనప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 ఉంది. తెలుగులో మాట్లాడతారు. నేను రెండుసార్లు చేశాను.

---

కొత్తడ్యూటీ | తర్వాతి గురువారం, రాత్రి 10:35

ఆలస్యమైంది, క్షమించండి. అడుగుతున్నవాళ్ల కోసం రాస్తున్నా.

శుక్రవారం రౌండ్స్‌లో వాల్తేరు అమ్మ చెప్పినట్టే చెప్పాను. సారు ఆమెను కూర్చోబెట్టి, నిలబెట్టి చూశారు. సెరినేస్ తగ్గించారు, ప్రొప్రనొలాల్ రాశారు. ఆస్తమా లేదు. సాయంత్రం ఇంజెక్షన్ ఆర్డర్ మార్చి "ముందు నాకు ఫోన్ చేయండి" అని రాశారు.

అదే రోజు కూతురికి ఫోన్ కలిపి ఇచ్చాను. మాట్లాడించడం ఇదే మొదటిసారి. అమ్మ వచ్చిన మర్నాటి నుంచే కూతురు ఆమె బదులు బీడీలు చుట్టి అప్పజెప్తోందట. ఆ మాట అమ్మకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఆదివారం వచ్చినప్పుడు కార్ఖానా పుస్తకం తెమ్మన్నాం. పెద్దమ్మకు చదువు రాదు. కానీ ఏ రోజు గడి ఎక్కడుంటుందో తెలుసు. వేలు పెట్టి ఒక్కో గడీ దాటుకుంటూ వచ్చింది, 18 రోజులు. ఎక్కడా ఖాళీ లేదు. చివరి గడి మీద వేలు ఆపి, "నీ కట్టలు వదులుగ ఉంటయే, వాడు తీసుకున్నడా?" అని కూతుర్ని అడిగింది.

ఈ వారంలో ఇంజెక్షన్ ఒక్కరోజు పడింది, సోమవారం. ఆ రోజు కొత్త అడ్మిషన్ వల్ల నేను మూడున్నరకు వెళ్లలేకపోయాను. రాజు అన్న చెప్పిన ఇబ్బంది నిజమే. అందుకని హ్యాండోవర్ పుస్తకంలో "3:30, 7వ మంచం, 8 నిమిషాలు" అని రాసి పెట్టాం. నేను లేని రోజు ఇంకో సిస్టర్, ఇద్దరికీ కుదరకపోతే ఆయా కూర్చుంటోంది. నిజానికి ఆయా దగ్గరే పెద్దమ్మ ఎక్కువ మాట్లాడుతుంది.

4 గంటలకు ఇప్పటికీ లేస్తుంది. కొంగు దోపుకుంటుంది. గ్రిల్ దాకా వస్తుంది, కాసేపు బయటకు చూస్తుంది. ఈ రోజు "ఇయ్యాల గురువారమేనా? బిడ్డ పోయి ఉంటది" అని తనే వెనక్కి తిరిగింది.

రాజు అన్నా, కళ్లద్దాల డబ్బాలో ఎన్ని దొరికాయి?

---

మేల్‌వార్డ్ రాజు | తర్వాతి గురువారం, రాత్రి 11:50

5 జతలు. మూడు ఇచ్చేశాను, ఇద్దరు డిశ్చార్జ్ అయి వెళ్లిపోయారు. వాళ్ల ఇళ్లకు ఫోన్ చేస్తున్నా.